ఏ నరమో తేలాకే వేడి సూది



నడుము నొప్పితో మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది నోరు విప్పకముందే ఒక పెద్ద కవరు బల్ల మీద పెడతారు. అందులో ఎంఆర్ఐ ఫిల్ములుంటాయి. "డిస్కు జరిగిందన్నారండీ, నరం నొక్కుకుపోతోందన్నారండీ" అంటారు. అప్పటికే ఆ రిపోర్టు ఇంట్లో అందరూ చదివేసి ఉంటారు. చుట్టాల్లో ఎవరైనా డాక్టరుంటే వాట్సాప్‌లో వాళ్ళకీ వెళ్ళి ఉంటుంది. అన్నీ అయ్యాక అడిగేది ఒకటే. "కోత లేకుండా సూదితో నరం కాల్చేస్తారట కదా మేడమ్, నాకూ అది చేసెయ్యండి."

ఆ చికిత్స ఉంది. నిజంగానే కోత ఉండదు, కుట్లుండవు, సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోవచ్చు. దాన్ని రేడియో ఫ్రీక్వెన్సీ అబ్లేషన్ అంటారు, మేం పొట్టిగా ఆర్‌ఎఫ్ అంటాం. మత్తు వైద్యం చదివి, అక్కణ్నుంచి నొప్పి వైద్యంలోకి వచ్చినదాన్ని కాబట్టి నా పనిలో అది పెద్ద భాగం. అయితే ఇందులో నరాన్ని కాల్చడం తేలిక. ఏ నరాన్ని కాల్చాలో తేల్చుకోవడం కష్టం. అలా తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. ఆ పరీక్ష చెయ్యకుండా, ఎంఆర్ఐ ఒక్కటే చూసి కాల్చడానికి తేదీ ఇచ్చేస్తే ఆ తేదీకి ఒప్పుకోకండి. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెబుతాను.

ముందు ఆ కవరు సంగతి చూద్దాం. 1994లో అమెరికాలో నడుము నొప్పి ఏమాత్రం లేని 98 మందికి ఎంఆర్ఐ తీశారు. వాళ్ళలో సగానికి పైగా మందికి ఎక్కడో ఒకచోట డిస్కు ఉబ్బి కనిపించింది. డిస్కులన్నీ మామూలుగా ఉన్నవాళ్ళు 36 శాతమే. 2015లో, నొప్పి లేనివాళ్ళకు తీసిన స్కాన్ల మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి లెక్క చూశారు. ఇరవై ఏళ్ళ వయసులోనే 37 శాతం మందికి డిస్కులో అరుగుదల ఉంది. ఎనభై ఏళ్ళు వచ్చేసరికి అది 96 శాతం. వీళ్ళెవరికీ నొప్పి లేదని గుర్తుపెట్టుకోండి. మీ రిపోర్టులో 'డీజనరేషన్' అని రాసి ఉంటే అది మీ వయసును చెబుతూ ఉండవచ్చు, మీ నొప్పి గురించే అయి ఉండనక్కర్లేదు.

ఎంఆర్ఐ వద్దని కాదు. పూస విరిగిందా, చీము పట్టిందా, క్షయ సోకిందా, గడ్డ ఏదైనా ఉందా, కాలికి వెళ్ళే నరం నలుగుతోందా అన్నవి తేల్చడానికి దాన్ని మించింది లేదు. అవేవీ లేవని తేలాక, ఏళ్ళ తరబడి సాగే మామూలు నడుము నొప్పి ఎక్కడ పుడుతోందో మాత్రం ఫిల్ము చెప్పలేదు.

అది ఎక్కడ పుడుతుందో తెలియాలంటే నడుము లోపలికి కాస్త తొంగి చూడాలి. నడుములో ఐదు పూసలున్నాయి. పూసకూ పూసకూ మధ్య ముందువైపు డిస్కు ఉంటుంది. దాని పేరు ఊరందరికీ తెలుసు. వెనకవైపు కుడి పక్కన ఒకటి, ఎడమ పక్కన ఒకటి, చిన్న కీళ్ళుంటాయి. వాటిని ఫాసెట్ కీళ్ళంటారు. వాటికీ మృదువైన పూత ఉంది, జిగట ద్రవం ఉంది, చుట్టూ పొర ఉంది. అందుకని వాటికీ అరుగుదల, వాపు తప్పవు. ఒక్కో కీలు నుంచి నొప్పిని మెదడు వైపు మోసేవి మీడియల్ బ్రాంచ్ అనే సన్నని నరాలు, కీలుకు రెండేసి. నాలుగో పూసకూ ఐదో పూసకూ నడుమ ఉన్న కీలునే తీసుకుంటే, మూడో నరం నుంచి ఒక కొమ్మ, నాలుగో నరం నుంచి ఒక కొమ్మ వచ్చి దానికి చేరతాయి. ఒకే వైపు వరసగా ఉన్న రెండు కీళ్ళకు చికిత్స చెయ్యాలంటే మూడు చోట్ల సూది పెట్టాల్సి వచ్చేది ఇందుకే.

ఈ నరాలు కాళ్ళను కదిలించవు, కాళ్ళ స్పర్శను మొయ్యవు. "నరం కాలిస్తే కాలు పడిపోతుందేమో" అని భయపడే వాళ్ళకు ముందుగా చెప్పేది ఇదే. కాలికి వెళ్ళే నరం వేరు, అది వేరే దారిలో పోతుంది. ఈ కొమ్మలు కదిలించేది ప్రధానంగా ఒకే కండరాన్ని. పూసలను అంటిపెట్టుకుని వెన్ను పొడవునా ఉండే మల్టిఫిడస్ అది. దీని గురించి మళ్ళీ మాట్లాడుకోవాల్సి ఉంది.

ఈ కీళ్ళ నొప్పి సాధారణంగా నడుములోనే ఉంటుంది, పిర్రలోకి, తొడ వెనక్కి పాకవచ్చు. మోకాలు దాటి కిందికి దిగడం అరుదు. వెనక్కి వంగినా, నడుం తిప్పినా, చాలాసేపు నిలబడినా, పొద్దున మంచం దిగేటప్పుడూ ఎక్కువవుతుంది. పిక్క దాకా, పాదం దాకా కరెంటు షాకు కొట్టినట్టు లాగే నొప్పయితే అది సయాటికా కావచ్చు, దాని దారి వేరు. కానీ ఇంతవరకూ చెప్పినవన్నీ అనుమానానికి ఆధారాలే. వేలితో నొక్కి చూసిగానీ, వంచి చూసిగానీ "ఇది ఫాసెట్ కీలు నొప్పే" అని తేల్చగలిగిన డాక్టరు ఇంకా పుట్టలేదు. 1990లలో వచ్చిన అధ్యయనాల్లో, పనిలో నడుముకు దెబ్బ తగిలిన చిన్న వయసువాళ్ళను పరీక్షిస్తే సుమారు 15 శాతం మందికి, వయసు మళ్ళినవాళ్ళను పరీక్షిస్తే 40 శాతం మందికి నొప్పి ఈ కీళ్ళదని తేలింది. మిగిలినవాళ్ళకు కాదు. వాళ్ళ నరాలు ఎంత శ్రద్ధగా కాల్చినా ఉపయోగం లేదు.

ఈ చికిత్స చరిత్ర కూడా ఇదే చెబుతుంది. ఈ కీళ్ళ మీద అనుమానం 1911లోనే వచ్చింది, గోల్డ్‌త్వైట్ అనే అమెరికన్ డాక్టరుకు. 1933లో గోర్మ్‌లీ అనే ఆయన దీనికి 'ఫాసెట్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. ఆ మరుసటేడే మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు సర్జన్లు డిస్కు జారి నరాన్ని నొక్కడం గురించి రాశారు. దాంతో ప్రపంచం చూపంతా డిస్కు మీదికి పోయి, దశాబ్దాలపాటు అక్కడే ఉండిపోయింది. 1971లో రీస్ అనే ఆస్ట్రేలియా డాక్టరు సన్నని పొడుగాటి కత్తిని చర్మంలోంచి దింపి ఈ నరాలను తెంపేస్తున్నానని, నూటికి 99.8 మందికి నయమవుతోందని ప్రకటించారు. తర్వాత కొలిచి చూస్తే ఆ కత్తి నరం దాకా చేరేంత పొడవే లేదు!

ఆ తర్వాత అమెరికన్ న్యూరోసర్జన్ నార్మన్ షీలీ కత్తి తీసేసి, రేడియో తరంగాల కరెంటుతో కొన వేడెక్కే సూది పెట్టారు. పద్ధతి బాగుంది, చాలామంది అందుకున్నారు. 1979లో నికొలాయ్ బోగ్డక్, డోన్లిన్ లాంగ్ అనే ఇద్దరు మృతదేహాల నడుములు కోసి, ఆ నరాల దారిని ఒక్కొక్కటిగా గీసుకుంటూ వెళ్ళారు. అప్పటిదాకా సూది పెడుతున్న చోట్లలో అసలు నరమే లేదని తేలింది. మరి అన్నేళ్ళు కొందరికి ఎలా తగ్గింది? నడుము నొప్పి దానంతట అది హెచ్చుతుంది, తగ్గుతుంది. బాగా హెచ్చినప్పుడే మనిషి డాక్టరు దగ్గరికి పరిగెత్తుతాడు, తర్వాత ఏం చేసినా చెయ్యకపోయినా కొంత తగ్గుతుంది. డాక్టరు మీద నమ్మకం కొంత తగ్గిస్తుంది. ఏ నడుము చికిత్స గురించి ఎవరు ఎంత గొప్పగా చెప్పినా ఈ రెండూ తీసేసి మిగిలిందే లెక్కలోకి తీసుకోవాలి.

బోగ్డక్ అక్కడితో ఆగలేదు. 1980లలో సూది వేడి ఎటు పాకుతుందో కూడా చూశారు. ఆ వేడి సూదికి పక్కలకు వ్యాపిస్తుంది, మొనకు ముందుకు దాదాపు పోదు. కాబట్టి సూదిని నరానికి నిలువుగా గుచ్చితే నరం కాలకుండా తప్పించుకుంటుంది. నరం పక్కనే, దానితో పాటుగా పడుకోబెట్టాలి. ఇవాళ మేం చేసేది అదే.

ఇప్పుడు పరీక్ష సంగతి. తణుకు దగ్గరి పల్లె నుంచి ఒకావిడ వచ్చారు. యాభై దాటిన మనిషి, నాట్లకూ కలుపుకూ వెళ్తారు. నాలుగేళ్ళుగా నొప్పి. పొలం గట్టు మీదే మాత్ర వేసుకుని మళ్ళీ మడిలోకి దిగడం అలవాటైపోయింది. బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, పొట్ట కింద దిండు పెట్టి, నడుమంతా బెటాడిన్ రాశాం. సి-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రాన్ని కాస్త పక్కకు వాల్చితే తెర మీద పూసల నీడలు కుక్కపిల్ల ఆకారంలో కనిపిస్తాయి. స్కాటీ డాగ్ అని మా వాళ్ళందరూ పిలుస్తారు. దాని కన్ను ఉన్నచోటు మా గురి. సన్నని సూది అక్కడ ఎముకకు తగిలేదాకా దింపి, లిగ్నోకైన్ మందు వేశాం. ఎంతో తెలుసా? ఒక్కో చోట అర మిల్లీలీటరు లోపే. ఎక్కువ పోస్తే మందు చుట్టుపక్కలకు పాకి, ఏ నరం మొద్దుబారి నొప్పి తగ్గిందో చెప్పలేకుండా పోతాం. ఇంట్లో ఒక్కో ఫ్యూజు పీకి ఏ గదిలో లైటు ఆరుతుందో చూసుకుంటామే, ఆ పనే ఇది. రెండు మూడు ఫ్యూజులు ఒకేసారి పీకేస్తే ఏం తెలుస్తుంది?

పరీక్ష అయ్యాక రోగిని మంచం మీద పడుకోబెట్టకూడదు. "ఏ పని చేస్తే నొప్పొస్తుందమ్మా?" అని అడిగాను. "వంగి లేస్తే వత్తాదండి, నీళ్ళ బకెట్టు ఎత్తితే పేణం పోద్దండి" అన్నారు. మా సిస్టర్ వరండాలో బకెట్టు సగం నింపి ఇచ్చింది. ఎత్తారు, దింపారు, మెట్లెక్కారు, నేల మీద కూర్చుని లేచారు. అరగంటకోసారి పదికి ఎంత నొప్పో అడిగి రాసుకుంటూ ఉన్నాం. పొద్దున ఏడు అన్నావిడ అరగంటకు ఒకటి అన్నారు. రెండో గంటకూ ఒకటే. మూడున్నర గంటలయ్యేసరికి మళ్ళీ ఐదు. ఆవిడ ముఖం వాడిపోయింది. "తగ్గిపోయిందనుకున్నానండి, మళ్ళీ వచ్చేసింది" అని కొంగుతో కళ్ళొత్తుకున్నారు. నాకు మాత్రం చాలా సంతోషమేసింది. లిగ్నోకైన్ బలం కొన్ని గంటలే. అది ఉన్నంతసేపూ నొప్పి పోయి, దాని బలం తగ్గాక నొప్పి తిరిగి రావడమే మేం కోరుకునే జవాబు. ఆవిడ చేతులు పట్టుకుని అదే చెప్పాను.

అయినా ఆ రోజు కాల్చలేదు. కొన్నాళ్ళు ఆగి, ఈసారి ఎక్కువసేపు పనిచేసే బుపివకైన్ మందుతో మళ్ళీ పరీక్షించాం. ఉపశమనం ఈసారి మరింతసేపు నిలిచింది. రెండుసార్లూ మందు తీరుకు తగ్గట్టే జవాబు వచ్చింది. ఒక్కసారి పరీక్షతో సరిపెడితే సుమారు మూడోవంతు మందిలో జవాబు తప్పుగా 'అవును' అని వస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. సూది గుచ్చించుకున్నాక తగ్గిందనిపించడం మానవ సహజం. రెండు పరీక్షలంటే రెండు ప్రయాణాలు, రెండు రోజుల కూలి పోవడం, ఖర్చు. అది నాకు తెలుసు. అయినా రెండోది చెయ్యాలనే నేనంటాను. పనికిరాని చికిత్స ఒకసారి చేయించుకున్న ఖర్చు కన్నా అది తక్కువే.

ఇంకొకాయన లారీ డ్రైవరు. పరీక్ష చేశాక పదికి ఆరున్న నొప్పి ఆరుగానే ఉంది. "ఇంత దూరం వచ్చాను సార్, ఆ కాల్చేదేదో కాల్చెయ్యండి" అన్నారు, మేడమ్ అనడం కూడా మర్చిపోయి. కాల్చలేదు. తిరగేసి చూస్తే ఆయన నొప్పి తుంటి కీలుది. ఎముకల డాక్టరు దగ్గరికి పంపాం. పరీక్షలో 'కాదు' అని రావడం కూడా రోగికి లాభమే. ఆ పరీక్ష లేకపోతే మంచి నరాలు మూడు కాల్చి, నొప్పి అలాగే ఉంచి, ఇంటికి పంపేవాళ్ళం.

ఇక కాల్చడం. ఇది కూడా బోర్లా పడుకోబెట్టే, సి-ఆర్మ్ కిందే. పూర్తి మత్తు ఇవ్వం, ఎందుకంటే మీరు మాతో మాట్లాడుతూ ఉండాలి. సూది ఒంటికంతా కరెంటు తగలని పూత ఉంటుంది, కొన ఒక్కటే, అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు దాకా, బయటికి ఉంటుంది. నరం పక్కన చేరాక సన్నటి కరెంటుతో రెండుసార్లు అడుగుతాం. సెకనుకు 50 సార్లు కొట్టే కరెంటు ఇస్తే మీ పాత నొప్పి ఉన్నచోటే జివ్వుమనాలి. సెకనుకు 2 సార్లు కొట్టేది ఇస్తే నడుము కండరం మాత్రమే అదరాలి. కాలు అదిరితే సూది తీసి మళ్ళీ పెడతాం. ఈ పరీక్ష ఉన్నందుకే కాలి నరం మీద పడకుండా చూసుకోగలుగుతున్నాం. ఆ తర్వాత మత్తుమందు వేసి, కొనను 80 నుంచి 90 డిగ్రీల వేడికి తెచ్చి, నిమిషం నుంచి ఒకటిన్నర నిమిషం సేపు ఉంచుతాం. లేచి కూర్చోమంటాం, కాసేపటికి నడవమంటాం.

మర్నాటి నుంచి రెండు వారాలదాకా నడుం పచ్చిగా, కొందరికి చర్మం మండుతున్నట్టు ఉంటుంది. "కాల్చాక ఎక్కువైంది" అని ఆ రోజుల్లో ఫోన్లొస్తాయి. అది ముందే చెప్పకపోతే తప్పు డాక్టరుదే. అసలు ఉపశమనం రెండు మూడు వారాల తర్వాత తెలుస్తుంది. నరం మళ్ళీ పెరుగుతుంది కాబట్టి ఆరు నెలల నుంచి ఏడాది దాకా, కొందరికి అంతకన్నా ఎక్కువ, హాయిగా ఉంటుంది. నొప్పి తిరిగి వస్తే మళ్ళీ చెయ్యవచ్చు.

మరి ఇది నిజంగా పనిచేస్తుందా? ఇక్కడ డాక్టర్ల మధ్య గట్టి తగాదా ఉంది, అది మీకు తెలియాలి. 2000లో ప్రచురించిన ఒక అమెరికా అధ్యయనంలో 15 మందిని చాలా కఠినమైన పరీక్షలతో ఎంపిక చేసి కాల్చారు. ఏడాది తర్వాత 9 మందికి నొప్పి 90 శాతం, 13 మందికి కనీసం 60 శాతం తగ్గి ఉంది. అయితే అందులో పోల్చుకోవడానికి వేరే జట్టు లేదు, మనుషులూ తక్కువ. 2017లో నెదర్లాండ్స్‌లో 681 మందితో మూడు ట్రయల్స్ కలిపి ప్రచురించారు. కొందరికి వ్యాయామంతో పాటు కాల్చడం, కొందరికి వ్యాయామం మాత్రమే. రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దాన్ని తప్పుపట్టినవాళ్ళు అడిగింది మనం ఇందాక మాట్లాడుకున్నదే. పరీక్ష ఒక్కసారే చేశారు, సగం తగ్గితే చాలన్నారు, సూది పెట్టిన పద్ధతీ సరిగా లేదు అన్నది వాళ్ళ వాదన. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2016లో ఇచ్చిన సలహా ప్రకారం మిగతా చికిత్సలు ఫలించనివాళ్ళకు, పదికి ఐదు లేదా అంతకు మించి నొప్పి ఉన్నవాళ్ళకు, పరీక్షలో 'అవును' అని వచ్చినవాళ్ళకు మాత్రమే ఇది చెయ్యవచ్చు. 2025 ఫిబ్రవరిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మార్గదర్శకం అసలు ఇది వద్దని గట్టిగా చెప్పింది. నొప్పి వైద్యుల సంఘాలు దానికి అంతే గట్టిగా అభ్యంతరం చెప్పాయి.

ఈ రెండు పక్షాల మధ్య నేనెక్కడున్నానో దాచను. ఎవరికి పడితే వాళ్ళకు చేస్తే ఇది పనిచెయ్యదన్న మాట పూర్తిగా ఒప్పుకుంటాను. రెండు పరీక్షల్లోనూ నెగ్గినవాళ్ళకు చేస్తే పనిచేస్తుందనే నా అనుభవం, నా నమ్మకం. కాల్చాక తణుకు ఆవిడ ఆ ఏడు దాళ్వా నాట్లకు మాత్ర లేకుండా వెళ్ళారు. ఏళ్ళ తరబడి చీటీ లేకుండా మందుల షాపులో కొనుక్కు మింగే డైక్లోఫెనాక్ మాత్రలు కడుపులో పుండు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. వాటి నుంచి ఒక మనిషి ఏడాదిపాటు బయటపడినా అది చిన్న సంగతి కాదు.

ఆ ఏడాదిలో ఏం చేస్తారన్నదీ ముఖ్యమే. మల్టిఫిడస్ కండరం గుర్తుందా? నరాన్ని కాల్చినప్పుడు అక్కడ ఆ కండరానికి వెళ్ళే తీగ కూడా కాలుతుంది. నొప్పి వల్ల అప్పటికే బలహీనపడిన నడుము కండరాలను నొప్పి లేని ఈ రోజుల్లోనే తిరిగి బలపరచుకోవాలి. "తగ్గిపోయింది కదా" అని ఫిజియోథెరపీ మానేస్తే, నరం తిరిగి పెరిగే వేళకు నడుము మొదటికన్నా బలంగా ఏమీ ఉండదు. పెద్ద కసరత్తులు అక్కర్లేదు. ఆస్ట్రేలియాలో 701 మందితో చేసి 2024లో లాన్సెట్‌లో ప్రచురించిన ట్రయల్‌లో, నడుము నొప్పి తగ్గినవాళ్ళను మెల్లగా పెంచుకుంటూ రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు నడిపించారు. మళ్ళీ నొప్పి రావడానికి పట్టిన కాలం మామూలుగా 112 రోజులుంటే, నడిచినవాళ్ళలో 208 రోజులైంది. దాదాపు రెట్టింపు. పైసా ఖర్చు లేని మందు. నడుం బెల్టు సంగతి కూడా అడుగుతుంటారు. దీర్ఘకాలపు నడుము నొప్పికి బెల్టులు, బరువులు కట్టి లాగడం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. మంగళగిరి, పోచంపల్లి వైపు మగ్గం గుంటలో కూర్చునే నేతన్నలకు నేను చెప్పేది, బెల్టు కొనే డబ్బుతో చెప్పులు కొనుక్కుని పొద్దున ఊరి చివరిదాకా నడిచి రమ్మని. గంటకోసారి మగ్గం దిగి నిలబడమని.

ఇంకా కొన్ని పద్ధతులు పత్రికల్లో, హోర్డింగుల మీద కనిపిస్తాయి. వెన్నెముక లోపలికి స్టెరాయిడ్ ఇచ్చే ఎపిడ్యూరల్ ఇంజెక్షన్ ప్రధానంగా కాలిలోకి దిగే సయాటికాకు ఇచ్చేది, దాన్నీ దీన్నీ కలపకండి. పూస లోపలి ఎముకలో ఉండే బేసివర్టిబ్రల్ నరాన్ని 85 డిగ్రీల వద్ద పావుగంటసేపు వేడిచేసే కొత్త చికిత్స అమెరికాలో 2016 నుంచి అనుమతితో ఉంది. అది ఎంఆర్ఐలో మోడిక్ మార్పులు అనేవి కనిపించే కొందరికే వర్తిస్తుంది. 'లేజర్', 'ఒక్క రోజులో నయం' అని రాసిన చోట అది ఏ నరానికి, ఏ పరీక్ష చేశాక చేస్తారని అడగండి. జవాబు సూటిగా రాకపోతే లేచి వచ్చేయండి.

కొన్ని లక్షణాలుంటే మాత్రం ఇవేవీ వినక్కర్లేదు, నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళాలి. మూత్రం ఆగిపోవడం, తెలియకుండా పోవడం, కూర్చునే చోట తిమ్మిరి, పాదం వేలాడిపోవడం. ఇవి ఆ రోజే చూపించుకోవాల్సినవి, తెల్లారనివ్వకూడదు. జ్వరంతో పాటు నడుము నొప్పి, బరువు తగ్గిపోవడం, రాత్రిపూట నిద్రలేపే నొప్పి, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చి ఉండడం కూడా ఆలస్యం చెయ్యకూడనివే. మన దేశంలో వెన్నెముక క్షయ ఇంకా తరచుగా కనిపిస్తోంది. మామూలు నడుము నొప్పనుకుని నెలల తరబడి ఇంజెక్షన్లు చేయించుకున్నవాళ్ళలో అది బయటపడుతుంటుంది.

ఆర్‌ఎఫ్ పరీక్షకు వెళ్ళాలని మీరూ మీ డాక్టరూ అనుకున్నారనుకోండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నా, రక్తాన్ని పలచబరిచే మందులు వాడుతున్నా, షుగరు అదుపులో లేకపోయినా, గర్భం ఉన్నా ముందే చెప్పండి. రక్తం మందులు మీ అంతట మీరు ఆపకండి, గుండె డాక్టరును అడిగే ఆపాలి. పరీక్ష ఖర్చు, కాల్చే ఖర్చు విడివిడిగా రాసిమ్మనండి. పరీక్షలో 'కాదు' అని వస్తే తర్వాత ఏం చేస్తారో కూడా అడగండి. ఆ రోజు పొద్దున నొప్పి మాత్ర వేసుకోకుండా వెళ్ళండి. నొప్పి లేనివాళ్ళకు పరీక్ష చేసినా ఏమీ తెలియదు. మీకు నొప్పి తెప్పించే పనేదో ముందే ఆలోచించుకుని రండి, వంగడమో, మెట్లెక్కడమో, బస్సులో కూర్చోవడమో. ఒక చిన్న నోటు పుస్తకం, పెన్ను, వాచీ తెచ్చుకోండి. సూది వేశాక ఆరేడు గంటలపాటు, అరగంటకోసారి, ఆ పని చేసి పదికి ఎంత నొప్పి ఉందో రాయండి. రాయడం రాకపోతే పక్కనున్న అబ్బాయినో కోడలినో రాయమనండి. తగ్గిందని డాక్టరు సంతోషం కోసం తక్కువ అంకె వెయ్యకండి. తగ్గకపోతే తగ్గలేదనే రాయించండి, మీకు కాల్చాలా వద్దా అన్నది మేం ఆ కాగితం చూసే నిర్ణయిస్తాం.